జూన్ పన్నెండున పుట్టినవాళ్లు

ఐర్లండ్‌లో మేముండే నేవన్ నుంచి క్యాసిల్‌బార్‌కు నేరుగా వెళ్లే బండి లేదు. పడమటికి పోవాలన్నా ముందు తూర్పుకే వెళ్లి, డబ్లిన్‌లో దిగి, అక్కడ రైలెక్కాలి. 2010 జూన్ 12 శనివారం నాడు నేను చేసిన ప్రయాణం ఇది. ఆ వారమంతా ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు. శుక్రవారం పొద్దున ఇంటికొచ్చి పడుకున్నాను గానీ నిద్ర తీరలేదు. వెళ్లాలన్న ఉత్సాహంతో బయలుదేరిన ప్రయాణం కాదు. రానని చెప్పలేక బయలుదేరాను.

పిలిచింది లోర్నా. ఫిలిప్పీన్స్ నుంచి ఐర్లండ్ వచ్చిన నర్సు. రెండేళ్ల కిందట నేను క్యాసిల్‌బార్‌లో ఆరు నెలలు పిల్లల డాక్టరుగా పనిచేసినప్పుడు పరిచయం. అప్పుడామె గర్భిణి. ఇరవై అయిదో వారంలో రక్తస్రావమై, అత్యవసరంగా ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. బిడ్డను చేతుల్లోకి అందుకున్నవాణ్ని నేను. మగపిల్లవాడు. చేయగలిగిందంతా చేశాం. గంట కూడా బతకలేదు. తల్లి మత్తులో ఉంది. తండ్రి డాంటే మాంసం ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు, ఫోను లాకర్లో ఉంది. వాళ్లిద్దరూ బిడ్డను చూసేసరికి గుడ్డలో చుట్టేసి ఉన్నాం. ఆ రోజు కూడా జూన్ 12.

జూన్ 12 ఫిలిప్పీన్స్ వాళ్ల స్వాతంత్ర్య దినం. 1898లో ఆ రోజున ఒక ఇంటి కిటికీ దగ్గర జెండా విప్పి, స్పెయిన్ నుంచి విడిపోయామని చాటుకున్నారట. క్యాసిల్‌బార్ చుట్టుపక్కల ఉన్న ఫిలిప్పినో కుటుంబాలు ఏటా ఆ తారీఖుకు దగ్గరి శనివారం చర్చి హాల్లో చేరతారు. ఆ రోజు వాళ్ల చరిత్రలో ఏమేం జరిగాయో చదువుతారు, ఆ రోజున పుట్టిన గొప్పవాళ్ల పేర్లు చదువుతారు, చివర తమలో ఆ రోజున పుట్టినవాళ్ల పేర్లూ చదువుతారు. ప్రతి పేరుకూ అందరూ కలిసి ‘మబుహాయ్’ అంటారు. వాళ్లు పెట్టుకున్న పద్ధతి ఒకటుంది. చదివే మనిషి కూడా జూన్ 12న పుట్టినవాడై ఉండాలి.

నా పాస్‌పోర్టులో పుట్టినరోజు జూన్ 12. మన తెలుగువాళ్లకు ఈ సంగతి వివరించక్కర్లేదు. వేసవి సెలవులయ్యాక బడి తెరిచిన రోజున మా నాన్న నన్ను చేర్పించారు. హెడ్మాస్టరుగారు ఆ రోజు తారీఖే వేసి, సంవత్సరం మాత్రం వెనక్కి జరిపారు. మా అమ్మేమో నేను కోతల రోజుల్లో పుట్టానంటుంది. ఈ మాట లోర్నాకు రెండుసార్లు చెప్పాను. పాస్‌పోర్టును ఇమిగ్రేషన్ నమ్మినప్పుడు మేమెందుకు నమ్మకూడదని నవ్వేసింది.

మే నెలలో ఫోన్ చేసినప్పుడు మాత్రం నవ్వలేదు. ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఆ రోజుల్లో ఎవరికీ పొడిగించడం లేదు. జూలైలో కెనడా వెళ్లిపోతున్నారు.

“డాక్, ఈసారి మీరే చదవాలి” అంది. “పేర్లన్నీ అయ్యాక చివర్లో మావాడి పేరు కూడా చదవాలి. వాడు చచ్చిపోయాడని అందరికీ తెలుసు. పుట్టాడని చూసినవాళ్లు ఎవరున్నారు? సర్జన్ వెళ్లిపోయాడు. మిడ్‌వైఫ్ రిటైరై ఎటో వెళ్లింది. మిగిలింది మీరు. మేం పోయాక ఈ ఊళ్లో వాడి పేరు పలికేవాళ్లుండరు.”

డాంటేకు ఇది ఇష్టం లేదని కూడా దాచకుండా చెప్పింది. రెండేళ్లుగా అతను బిడ్డ పేరే ఎత్తలేదట.

నాకున్న ఇబ్బంది వేరు. మాది నరసాపురం దగ్గర పల్లె. అక్కడి క్రైస్తవ సహోదరుల కూడికలో పెరిగాను. ఆదివారం రొట్టె విరవడం, వాక్యం, ప్రార్థన తప్ప మాకు పండగల్లేవు. పుట్టినరోజులు అసలే లేవు. లేఖనాల్లో పుట్టినరోజు విందు చేసుకున్నట్టు కనబడేవాళ్లు ఇద్దరే, ఇద్దరూ రాజులే, రెండు విందుల్లోనూ ఒకడి ప్రాణం పోయిందని మా పెద్దలు గుర్తుచేసేవారు. దినాలు ఆచరించకూడదన్నది చిన్నప్పటి నుంచి నా ఎముకల్లో ఉన్న మాట. అలాంటివాణ్ని, నాది కాని పుట్టినరోజు పేరు చెప్పుకుని, వేరే దేశం పండగలో మైకు ముందు నిలబడాలి.

శనివారం పొద్దున నా భార్య సువార్త టీ ఇస్తూ అడిగింది. “ఆళ్లు కేకు కొయ్యమంటే కోసేత్తారా ఏటండి?”

కొయ్యనని, ఎవరైనా కోసి పెడితే తింటానని అన్నాను.

“తినడం మీకు ఒకరు చెప్పాలా?” అంది. తర్వాత గుమ్మం దగ్గర తలమీద కొంగు కప్పుకుని చిన్న ప్రార్థన చేసింది. లోర్నా పేరు, డాంటే పేరు చెప్పి చేసింది. నా పేరు మర్చిపోయింది.

ఏడు దాటాక బస్సు వచ్చింది. వారం కిందటే తెరిచిన కొత్త మోటార్‌వే పక్కనే ఉన్నా, మా బస్సు పాత రోడ్డునే, ప్రతి ఊరినీ పలకరిస్తూ వెళ్లింది. సన్నగా తుంపర. కళ్లు మూసుకుంటే వార్డులో మానిటర్ల చప్పుడే వినబడుతోంది. డబ్లిన్‌లో బస్సు దిగి, లూయస్ ట్రాము పట్టుకుని హ్యూస్టన్ స్టేషన్ చేరాను. వెళ్లేవాళ్లకు ఒక మాట. పడమటి రైలు టిక్కెట్టు ముందుగా ఇంటర్నెట్‌లో కొనుక్కుంటే చాలా కలిసొస్తుంది. పైగా మీ సీటు పైన చిన్న తెరమీద మీ పేరు వెలుగుతుంది. స్టేషన్లో కాఫీ మాత్రం కొనకండి. ఇంటి దగ్గర ఫ్లాస్కు నింపుకోండి.

ఆ పేరే నాకొక తోడును తెచ్చింది. రైలు కదిలాక ఒక కుర్రవాడు వెనకనుంచి వచ్చి, నా తలమీద తెర చదివి, “అన్నా, మీరు మనోళ్లే గదా?” అన్నాడు. కరీంనగర్ అతను, పేరు శ్రీకాంత్. డబ్లిన్ పక్కన శాండీఫోర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మార్చిలో పోయింది. ఇంటి లీజు ఇంకా నడుస్తోంది. ఆరోజు శనివారమైనా అత్‌లోన్‌లో ఒక చిన్న కంపెనీవాళ్లు ఇంటర్వ్యూకు రమ్మన్నారట. టై మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు, కట్టుకుని కూర్చుంటే ఊపిరాడదని.

నా ప్రయాణం సంగతి అడిగి, హెడ్మాస్టరు తారీఖు కథ విని పగలబడి నవ్వాడు.

“నాది జూలై ఒకటన్నా. మా సారు క్లాసుల సగం మందికి గదే రాసిండు. ఫేస్‌బుక్ల ఆ దినం ఒకరికొకరం విషెస్ చెప్పుకుంటం. నిజంగ ఆ రోజు పుట్టినోడు మా అందర్ల ఒక్కడు లేడు.”

తర్వాత, ఈ నెలాఖరులోగా ఉద్యోగం రాకపోతే వీసా సంగతి ఏమవుతుందో తెలియదన్నాడు. ప్రార్థన చేయమంటావా అని అడిగాను. “చెయ్యన్నా. ఎవలు చేసినా మంచిదే” అన్నాడు. బోగీ మధ్యలో, ఎదురు సీట్లో పేపరు చదువుకుంటున్న పెద్దమనిషికి వినబడనంత మెల్లగా చేశాను. అత్‌లోన్‌లో దిగుతూ ప్లాట్‌ఫారం మీద నిలబడే టై కట్టుకున్నాడు. ముడి వంకరగా వచ్చింది. చెయ్యి ఊపి చెబుదామనుకునేలోగా రైలు కదిలింది.

అత్‌లోన్ దాటాక షానన్ నది. దాని తర్వాత పొలాలు, రాతి గోడలు, తడిసిన గొర్రెలు. అక్కడక్కడ మాంద్యం వచ్చి ఆగిపోయిన ఇళ్ల వరసలు. పైకప్పు ఉంటుంది, కిటికీలుండవు. రాస్‌కామన్‌లో ఎక్కిన ఒక ఐరిష్ ముసలమ్మ వాటిని చూపించి, “అవి మావాడు కట్టినవే. ఇప్పుడు పెర్త్‌లో కడుతున్నాడు. అక్కడ కిటికీలు కూడా పెడుతున్నారట” అంది. ఎక్కడికని అడిగితే, స్నేహితుల బిడ్డ కోసమని చెప్పాను. “ఎంత వయసు?” అంది. రెండేళ్లని చెప్పాను. “మంచి అల్లరి వయసు” అంది. నేను తల ఊపాను. ఆ తల ఊపడం అబద్ధమా నిజమా అని క్లేర్‌మారిస్ దాకా ఆలోచిస్తూ కూర్చున్నాను.

నా ఆలోచన ఇంకోచోట కూడా తిరిగింది. మా పల్లెలో ‘దినం’ అంటే రోజు కాదు. చనిపోయినవాళ్లకు చేసే తంతు. చిన్నదినం, పెద్దదినం. కూడికలో చేరిన కొత్తలో మా తాతలు వదిలిపెట్టింది అదే. పెట్టుపోతలు, పిండాలు, బంధువుల భోజనాలు. అందుకే లేఖనంలో దినాలు ఆచరించవద్దన్న మాట వినబడగానే మావాళ్లకు ముందు చావు గుర్తొచ్చింది. వాక్యంలో ఆ మాట దేని గురించో పెద్ద సహోదరులు తర్వాత వివరించారు. అయినా మా చెవికి ఆ మాటలో చావువాసన పోలేదు. నేను ఇంత దూరం వస్తున్నది ఒక బిడ్డ దినానికి అని నాకు తెలియకుండానే అనుకుంటున్నానని అప్పుడు గ్రహించాను. కాళ్లు ఈడ్చుకుంటూ వస్తున్నది బహుశా అందుకే.

క్యాసిల్‌బార్‌లో దిగేసరికి మధ్యాహ్నం కావస్తోంది. లోర్నా కారుతో వచ్చింది. చిక్కిపోయింది. వెనక సీటంతా అట్టపెట్టెలు, కొన్ని పార్టీవి, కొన్ని కెనడావి. దారిలో ఆమె తిండి సంగతులే మాట్లాడింది. హాలు ముందు బ్రేకు వేసి, తాళంచెవి తీయకుండా, “వాడి పేరు హువాన్. గుర్తుందిగా?” అంది. గుర్తుందన్నాను. వాళ్ల ఊళ్లో గోడ క్యాలెండర్లో ప్రతి తారీఖు కింద ఒక పరిశుద్ధుడి పేరు అచ్చు వేసి ఉంటుంది. పుట్టిన రోజు కింద ఏ పేరుంటే ఆ పేరు బిడ్డకు పెట్టడం ఆమె అమ్మమ్మ కాలం నుంచి ఉన్న అలవాటు. బిడ్డ పుట్టిన ఉదయం ఫోన్లో వాళ్లమ్మ క్యాలెండరు చూసి చెప్పిన పేరది. మాకు పరిశుద్ధుల క్యాలెండర్లు లేవు, వాటిమీద నమ్మకమూ లేదు. కానీ ఒక తారీఖు చూసి బిడ్డకు పేరు పెట్టడానికీ, ఒక బడి చూసి బిడ్డకు తారీఖు పెట్టడానికీ ఎంత తేడా ఉందో నాకు తెలియలేదు.

డాంటే హాలు వెనక, సగానికి కోసిన ఇనప పీపా మీద పంది మాంసం కాలుస్తున్నాడు. పొట్టిగా, గట్టిగా ఉండే మనిషి. ఫ్యాక్టరీలో పని వారానికి మూడు రోజులే ఉందని, మాంసం కోయడం మర్చిపోతానేమోనని ఇక్కడ సాధన చేస్తున్నానని అన్నాడు. నేను నవ్వాను. అతను నవ్వలేదు. పట్టుకారుతో ముక్కలు తిప్పుతూనే, నేనేమీ అడగకముందే చెప్పాడు.

“కాగితంలో ఉన్నవి చదవండి డాక్. లేనిది చదవొద్దు.”

“లోర్నా అడిగింది.”

“తెలుసు. అవి పుట్టినవాళ్ల పేర్లు. వాడు పుట్టలేదు. చచ్చిపోయాడంతే. నేను చూసింది అదొక్కటే.”

నాకు తోచింది అతనికి చెప్పాను. మా భాషలో రోజుకూ చావు తంతుకూ ఒకటే మాట ఉందని, దాన్నుంచి బయటపడ్డ కుటుంబం మాదని, నేను కూడా ఇలాంటివి చేయనని. అతను మొదటిసారి నావైపు తిన్నగా చూశాడు.

“అయితే మీ భాషే నాకు నయం” అన్నాడు.

వద్దన్న తండ్రి మాట కాదని ఆ పేరు చదవనని అక్కడే మాటిచ్చాను. లోపలికెళ్లి లోర్నాకూ అదే చెప్పాను. ఆమె చేతిలో ఉన్న పళ్లేనికి వెండిరంగు కాగితం కప్పుతూ అంచులు నొక్కుతూ ఉండిపోయింది. అంచులన్నీ నొక్కడం అయ్యాక కూడా నొక్కుతూనే ఉంది.

హాలంతా నీలం, ఎరుపు కాగితాలు. వేదిక వెనక వాళ్ల జెండాలోని సూర్యుణ్ని పసుపు అట్టతో చేసి తగిలించారు, ఎనిమిది కిరణాలు. కార్యక్రమం నడిపేది టీటో బెన్. టీటో అంటే బాబాయి లాంటి పిలుపు. ఓడల్లో పనిచేసి, ఇక్కడ కూతురి దగ్గర స్థిరపడ్డ పెద్దాయన. జరిగిన సంగతులు ఆయనే చదివాడు. కిటికీ దగ్గర చదివిన ప్రకటన, మొదటిసారి వాయించిన గీతం, తర్వాత అమెరికా వచ్చి కూర్చోవడం. ప్రతి సంగతికీ ఆయనదొక వ్యాఖ్యానం, దానికి కుర్చీల్లోంచి ఎవరో ఒకరు అడ్డుతగలడం. తర్వాత నన్ను పిలిచాడు.

మైకు తీసుకుని ముందు నిజం చెప్పేశాను. నేను జూన్ 12న పుట్టలేదని, ఆ రోజు మా బడి తెరిచారని. నా సాక్ష్యంలో అబద్ధం ఉండకూడదనుకున్నాను. జనం నవ్వారు.

టీటో బెన్ లేచి మైకు వైపు వంగాడు. “పర్వాలేదు డాక్. మా దేశానికి కూడా రెండు పుట్టినరోజులు. అమెరికావాళ్లు జూలై నాలుగు అని రాశారు. చాలా ఏళ్లు అదే చేసుకున్నాం. తర్వాత మాది మేం దిద్దుకున్నాం.”

చదవడం మొదలుపెట్టాను. పాటగాళ్లు, ఆటగాళ్లు, సినిమావాళ్లు, ఏదో ఊరి మేయరు. నాకు ఒక్కరూ తెలియదు. పేర్లు పలకడంలో నేను చేసిన తప్పులకు ముందు వరసలో ఆడవాళ్లు మురిసిపోయారు. ప్రతి పేరు తర్వాతా హాలంతా మబుహాయ్. దాని అర్థం పక్కనున్నామెను ముందే అడిగి ఉన్నాను. ‘బతకాలి’ అనట. స్వాగతానికీ అదే, జేజేలకూ అదే. గొప్పవాళ్ల పేర్లు అయ్యాక ఊరివాళ్లు. చక్రాల కుర్చీలో ఉన్న ఒక అమ్మమ్మ. ఆరేళ్లు నిండిన ఒక పాప, తన పేరు రాగానే కుర్చీ ఎక్కి నిలబడింది. మబుహాయ్. అక్కడితో కాగితం అయిపోయింది.

లోర్నా వంటగది గుమ్మంలో ఉంది. డాంటే వెనక తలుపు దగ్గర, చేతిలో ఇంకా పట్టుకారు. వారం రోజుల నిద్ర ఒక్కసారి మీదపడినట్టుంది. మైకు ఇచ్చేసి కూర్చోవచ్చు. ఇచ్చిన మాట నిలబడుతుంది. కానీ మా కూడికలో, చూసిన సంగతి అడిగినప్పుడు చెప్పకపోవడం కూడా తప్పే. సాక్ష్యం చెప్పేటప్పుడు మావాళ్లు నిలబడినట్టే చేతులు ముందు కట్టుకుని నిలబడ్డాను.

“ఒక మాట. ఈ రోజున పుట్టిన ఇంకొకరు నాకు తెలుసు. రెండేళ్ల కిందట ఈ ఊళ్లోనే. నేను దగ్గరే ఉన్నాను. తనంతట తాను ఊపిరి తీసుకున్నాడు. ఏడ్చాడు. నేను విన్నాను. పేరు చెప్పే హక్కు నాది కాదు.”

ఎవరి గురించో అందరికీ తెలుసు. కానీ వాళ్ల పద్ధతిలో పేరు వినబడితేనే జవాబు. పేరు రాలేదు గనుక ఎవరూ నోరు విప్పలేదు. కుర్చీమీద నిలబడ్డ పాప అటూ ఇటూ చూసింది. టీటో బెన్ లోర్నా వైపు, తర్వాత తలుపు వైపు చూశాడు. తలుపు దగ్గర డాంటే లేడు. పెద్దాయన మైకు అందుకుని, భోజనాలు సిద్ధమన్నాడు.

ప్లేటు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు లోర్నా నా పక్కకొచ్చి, పొడుగాటి సేమ్యాలాంటి పాన్‌సిట్ వడ్డించింది. పుట్టినరోజున ఆ దారాలు తెంపకుండా తినాలట, ఆయుష్షు కోసం. “థాంక్స్ డాక్” అంది. గరిటె దించి, “కానీ పేరు లేకుండా ఎవరికి చెబుతారు మబుహాయ్?” అంది. ఆరేళ్ల పాప కేకు కోసింది. ఒక ముక్క నాకూ ఇచ్చారు. తిన్నాను. రుచి తెలియలేదు.

సాయంత్రం రైలుకు స్టేషన్లో దింపడానికి ఇద్దరూ వచ్చారు. కారు డాంటే నడిపాడు. దారంతా వైపర్ల చప్పుడే. అతనికి నామీద కోపం వచ్చిందనుకున్నాను. ఇచ్చిన మాటలో అక్షరం నిలబెట్టి, అర్థం తప్పానేమో అని కూడా అనుకున్నాను. ప్లాట్‌ఫారం మీద మేం ముగ్గురం తప్ప ఒక సైకిలువాడున్నాడు, అతను రేకు కప్పు కింద ఆ చివర నిలబడ్డాడు. రైలు కొన్ని నిమిషాలు ఆలస్యమని తెరమీద వచ్చింది.

డాంటే పట్టాల వైపు చూస్తూ అడిగాడు. “పెద్దగా ఏడ్చాడా?”

నాకు వెంటనే అర్థం కాలేదు.

“మావాడు. ఏడ్చాడన్నారు కదా. పెద్దగానా?”

ఓదార్పు కోసం అబద్ధం చెప్పకూడదని నాకు తెలుసు. అడిగింది తండ్రి. నెమ్మదిగా గుర్తు తెచ్చుకున్నాను.

“పెద్దగా కాదు. పిల్లికూన అరిచినంత. రెండుసార్లు. మొదటిసారి నేనూ మిడ్‌వైఫూ ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం. రెండోసారికి ఆమె నవ్వి, ‘గుడ్ మ్యాన్’ అంది. వాడితోనే, శభాష్ అన్నట్టు.”

“రెండుసార్లు” అన్నాడు డాంటే.

“రెండుసార్లు.”

లోర్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇది ఆమె కూడా ఎప్పుడూ వినలేదు. రెండేళ్లుగా ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. మా దగ్గర బిడ్డ పోయాక తల్లికి ఇలాంటివి గుర్తుచేయకపోవడమే దయ అనుకుంటాం.

డాంటే జేబుల్లోంచి చేతులు తీశాడు. తర్వాత, ఎవర్నో పిలిచినట్టు కాకుండా, హాల్లో నేను చదివినట్టే, మామూలుగా చదివినట్టే అన్నాడు.

“హువాన్.”

“మబుహాయ్” అంది లోర్నా.

నేనూ అన్నాను. హాల్లో అన్ని పేర్లు చదివాను గానీ ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. ఇద్దరు ముగ్గురు కూడినా దేవుడు వాళ్ల మధ్య ఉంటాడన్న వాగ్దానం మీద నడిచే సంఘం మాది. ఆ వానలో, ఆ రేకు కప్పు కింద మేం ముగ్గురం. అంతకన్న వివరంగా రాయలేను. ఇంత రాయడానికీ వాళ్లను అడిగి, పేర్లు మార్చి రాస్తున్నాను.

రైలొచ్చింది. డాంటే నా సంచి అందుకుని లోపలి దాకా తెచ్చి పెట్టాడు. చేతిలో వెండిరంగు కాగితం చుట్టిన పొట్లం ఒకటి పెట్టాడు. మాంసం ఇంకా వెచ్చగా ఉంది.

తిరుగు ప్రయాణంలో చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బోగీ నిండా ఫుట్‌బాల్ కబుర్లు. ఐర్లండ్ లేని ప్రపంచకప్పు తనకు అక్కర్లేదని ఒకాయన గట్టిగా చెబుతూనే, స్కోరు ఎంతని అందర్నీ అడుగుతున్నాడు. నేను కిటికీకి తల ఆనించాను. డాక్టర్లకు ఒక అలవాటు నేర్పుతారు. ప్రాణం పోగానే గోడ గడియారం చూడాలి. ఆ వేళ నాకు రెండేళ్లుగా గుర్తుంది. నా పనిలో పోయిన బిడ్డలందరి వేళలూ గుర్తే. వాళ్లు పుట్టిన వేళలు మాత్రం గుర్తులేవు. వాటిని ఎవరో రాసుకుంటారు, నేను చూసేవాణ్ని కాదు.

బాలీహానిస్ దాటాక ఆ ఉదయాన్ని మళ్లీ మొదటి నుంచి తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తడం, చేతి తొడుగులు, వెచ్చటి దీపం. అప్పుడే ఎండ వచ్చింది, ఆపరేషన్ గది పైనున్న సన్న కిటికీలోంచి పచ్చని టైల్సు మీద పడింది. ఆ ఎండలోనే వాడు మొదటిసారి ఏడ్చాడు. ఇంతకాలం నా లెక్కలో ఒక మరణంగా ఉన్నవాడు, ఆ ఎండ గుర్తురాగానే, నేను చూసిన పుట్టుకల్లో ఒకడయ్యాడు. దేవుడికి కృతజ్ఞత చెప్పాను. ప్రార్థన ముగించకుండానే నిద్రపోయినట్టున్నాను. డబ్లిన్‌లో బోగీ ఊడ్చడానికి వచ్చినామె భుజం తట్టి, ఇదే ఆఖరు స్టేషనని చెప్పి లేపింది.